హైస్కూల్ పిల్లలకు సీటీఎఫ్: 15 కంప్యూటర్లు, 42 మంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

కంప్యూటర్_టీచర్ (గుంటూరు జిల్లా)

అందరికీ నమస్కారం. 8, 9 తరగతుల పిల్లలకు సైబర్ సెక్యూరిటీని పాఠంలా కాకుండా పోటీలా పరిచయం చేయాలని ఉంది. సీటీఎఫ్, అదే క్యాప్చర్ ద ఫ్లాగ్, ఎలా ఉంటుందో తెలుసు. ఫైల్లోనో వెబ్‌పేజీలోనో దాచిన పదాన్ని (దాన్నే ఫ్లాగ్ అంటారు) పట్టుకుని సైటులో వేస్తే పాయింట్లు. కానీ పెద్దవాళ్ల పోటీల ప్రశ్నలు చూస్తుంటే పిల్లలు అరగంటలో చేతులెత్తేస్తారేమో అనిపిస్తోంది.

మా దగ్గర ఉన్నవి: పనిచేసే మెషిన్లు 15, అన్నీ విండోస్ 10, 4 జీబీ ర్యామ్. ఇంటర్నెట్ ఒకరోజు ఉంటే ఒకరోజు ఉండదు. పిల్లలు 42 మంది, సగం మంది మొన్నటిదాకా తెలుగు మీడియం. వారానికి రెండు పీరియడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు. టర్మ్ చివర బడిలోనే చిన్న పోటీ పెట్టాలి.

ఏ సైటుతో మొదలుపెట్టాలి? అన్ని మెషిన్లలో కాళీ లైనక్స్ (హ్యాకింగ్ టూల్స్‌తో వచ్చే ఆపరేటింగ్ సిస్టమ్) వేయించాలా? నెట్ లేని రోజు ఏం చేయించాలి? "హ్యాకింగ్ నేర్పుతున్నారటగా" అని తల్లిదండ్రులు అడిగితే ఏం చెప్పాలి?

---

పాతకాపు_సీటీఎఫ్

టీచర్‌గారూ, కాళీ వద్దే వద్దు. 4 జీబీలో విండోసే రెండు జీబీ దాకా లాగేసుకుంటుంది. మిగిలిన దాంట్లో వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) పెడితే రెండూ కదలవు. పైగా కాళీ మెనూ తెరవగానే పిల్లల కన్ను పడేది వైఫై టూల్స్ మీదే. సాయంత్రానికల్లా పక్కింటి రౌటర్ మీద ప్రయోగం మొదలవుతుంది. మొదటి రెండు నెలలకు మీకు కావలసినవి నాలుగే: బ్రౌజర్, నోట్‌ప్యాడ్, సైబర్‌షెఫ్, ఎక్కడో ఒకచోట లైనక్స్ టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే తెర). సైబర్‌షెఫ్ బ్రిటన్ నిఘా సంస్థ జీసీహెచ్‌క్యూ చేసి ఉచితంగా వదిలిన టూల్, రకరకాల కోడ్‌లలో రాసినవాటిని విప్పుతుంది. జిప్ దించుకుని పెన్‌డ్రైవ్‌తో అన్ని మెషిన్లలో పెట్టేయండి, నెట్ లేకపోయినా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది.

సైటు మాత్రం పికోసీటీఎఫ్. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు 2013లో బడిపిల్లల కోసమే మొదలుపెట్టారు, ఉచితం. పోటీ ఏటా మార్చి ప్రాంతంలో జరుగుతుంది కానీ పాత ప్రశ్నలు చాలావరకు పికోజిమ్ అనే విభాగంలో ఏడాది పొడవునా ఉంటాయి. టీచరు ఒక క్లాస్‌రూమ్ తెరిచి, చేరే కోడ్ పిల్లలకిచ్చి, ఎవరు ఎంతవరకు వచ్చారో చూసుకోవచ్చు. వయసు 13 నిండాలి. 8వ తరగతిలో ఇంకా 12లో ఉన్నవాళ్లు కొందరుంటారు, అడ్మిషన్ రిజిస్టర్‌తో ముందే సరిచూసుకోండి. వాళ్లను పక్కన కూర్చోబెట్టక్కర్లేదు, నెట్ లేని పద్ధతి కింద ఎవరో ఒకరు చెప్తారు.

ఏ ప్రశ్నలు అన్నదే అసలు సంగతి. పికోజిమ్‌లో వందల ప్రశ్నలున్నాయి. పిల్లల్ని వాటి మీదకు వదిలేస్తే పేరు బాగుందని ఏదో కష్టమైనది పట్టుకుని అక్కడే కూలబడతారు. వరుస మీరే రాసివ్వండి. నేనైతే ఇలా ఇస్తాను.

మొదట 'వార్మ్‌డ్ అప్', 'టూ వార్మ్'. హెక్సాలో (16 అంకెల లెక్కలో) 3డీ అంటే దశాంశంలో ఎంత, 42ను బైనరీలో రాయండి, అంతే. మూడు పదహార్లు నలభై ఎనిమిది, డీ అంటే 13, మొత్తం 61. ఇది లెక్కల పీరియడే, నోట్‌బుక్కులో చేయించండి. అందరికీ ఐదు నిమిషాల్లో మొదటి ఫ్లాగ్ దొరుకుతుంది, ఆ కిక్ ముఖ్యం. తర్వాత 'ఒబీడియంట్ క్యాట్'. ఫైలు దించుకుని తెరవడమే పని, కానీ ఆ ఫైలుకు ఎక్స్‌టెన్షన్ (పేరు చివరి .txt లాంటి ముక్క) ఉండదు. "దేనితో తెరవాలి?" అని విండోస్ అడగగానే సగం మంది ఆగిపోతారు. నోట్‌ప్యాడ్ ఎంచుకోమని ముందే చెప్పకండి, రెండు నిమిషాలు తన్నుకోనివ్వండి. ఎక్స్‌టెన్షన్ అంటే పేరులో ముక్కే తప్ప ఫైలు స్వభావం కాదని అక్కడే తెలుస్తుంది.

'మాడ్ 26'లో ప్రతి అక్షరమూ 13 స్థానాలు జరిగి ఉంటుంది: A స్థానంలో N, B స్థానంలో O. అంకెలు, కర్లీ బ్రాకెట్లు, అండర్‌స్కోర్లు మాత్రం కదలవు. అందుకే ఫ్లాగ్ రూపం చూడగానే గుర్తుపట్టవచ్చు. ముందు ఏడు అక్షరాలు, తర్వాత బ్రాకెట్. ఆ ఏడూ 'picoCTF' అయి ఉండాలి కాబట్టి మొదటి అక్షరం పీ, మరి ఇక్కడ కనిపిస్తున్నది సీ, ఎంత జరిగింది? తెలిసిన ముక్కతో తెలియని తాళం తీయడం అంటే ఇదే. సైబర్‌షెఫ్ ఇవ్వడానికి ముందు ఈ ఒక్కటి చేత్తో చేయించండి.

వెబ్‌కు 'ఇన్‌స్పెక్టర్', 'వేర్ ఆర్ ద రోబోట్స్'. మొదటిదానిలో ఫ్లాగ్ మూడు ముక్కలు: ఒకటి హెచ్‌టీఎంఎల్‌లో, ఒకటి సీఎస్‌ఎస్‌లో, ఒకటి జావాస్క్రిప్ట్‌లో. కంట్రోల్ యూ నొక్కి (పేజీ వెనకున్న కోడ్ కనిపిస్తుంది) మొదటి ముక్క చూడగానే అదే ఫ్లాగ్ అనుకుని వేసేస్తారు, తప్పని వస్తుంది, సైటు పాడైందంటారు. "బ్రాకెట్ మూసుకుందా?" అని ఒక్క మాట అడగండి చాలు.

ఇక తగలబోయే రాళ్లు. ఖాతా తెరవడానికి ఈమెయిల్ కావాలి, నిర్ధారణ మెయిల్ వస్తుంది. క్లాసులో పెట్టుకుంటే రెండు పీరియడ్లూ దానికే పోతాయి. తల్లిదండ్రుల మెయిల్‌తో ఇంటి దగ్గరే తెరిచి, యూజర్‌నేమ్ చీటీ మీద రాసుకు రమ్మనండి. యూజర్‌నేమ్‌లో అసలు పేరు, బడి పేరు వద్దు, స్కోర్‌బోర్డు లోకమంతా చూస్తుంది. వెబ్ ప్రశ్నలు కొన్ని మామూలు 80, 443 కాకుండా వేరే పోర్టుల (సర్వర్‌లోకి వెళ్లే నంబరున్న దారుల) మీద నడుస్తాయి, బడి ఫైర్‌వాల్ వాటిని ఆపేస్తుంది. ముందురోజు ఒక్కో లింకూ ల్యాబ్ మెషిన్ నుంచే తెరిచి చూడండి, మీ ఫోన్ నుంచి కాదు. నెట్ లేదని ఫోన్ హాట్‌స్పాట్ పెడదామనుకుంటారు, చాలా ఫోన్లు 8 లేదా 10 మెషిన్లు దాటితే ఎక్కించుకోవు.

42 మందికి ముగ్గురు చొప్పున 14 జట్లు, 15వ మెషిన్ మీకు. కీబోర్డు ఒక్కడి చేతిలోనే ఉండిపోతుంది, ప్రతి 15 నిమిషాలకూ చేతులు మారాలన్నది ఖచ్చితమైన నియమంగా పెట్టండి. 45 నిమిషాల్లో ముగ్గురికీ సరిగ్గా ఒక్కోసారి వస్తుంది.

---

సిస్‌అడ్మిన్_విశాఖ

పాతకాపుగారి వరుసతో పేచీ లేదు. కానీ లైనక్స్ కోసం పికోసీటీఎఫ్ వెబ్‌షెల్ (బ్రౌజర్‌లోనే తెరుచుకునే లైనక్స్ టెర్మినల్) మీద ఆధారపడితే నెట్ పోయిన రోజు తరగతి కూడా పోతుంది. ఓవర్‌ద‌వైర్ వాళ్ల 'బ్యాండిట్' మంచిదే, ఒక్కో లెవెల్లో దొరికిన పాస్‌వర్డే తర్వాతి లెవెల్‌కు తాళంచెవి. దానికీ నెట్ కావాలి, అందులోనూ పోర్టు 2220. అది తెరిచి ఉన్న బడి నెట్‌వర్క్ అరుదు.

అందుకని బ్యాండిట్‌లాంటిది ల్యాబ్‌లోనే కట్టుకోండి. ఉబుంటు వేసిన ఒక్క ల్యాప్‌టాప్ చాలు, అందులో ఎస్‌ఎస్‌హెచ్ (ఇంకో మెషిన్ నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) సర్వర్ పెట్టి, లెవెల్1 నుంచి లెవెల్8 దాకా యూజర్లను సృష్టించండి. విండోస్ 10 కొత్త వెర్షన్లలో ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్ ఉంటుంది, లేకపోతే అదే పని చేసే పుట్టీ ప్రోగ్రామ్. నాలుగు లెవెల్స్ ఆలోచన బ్యాండిట్‌దే వాడుకోవచ్చు: మామూలు ఫైలు, పేరే ఒట్టి గీత (-) అయిన ఫైలు, పేరులో ఖాళీలున్న ఫైలు, చుక్కతో మొదలయ్యే దాపరికపు ఫైలు.

ఆ గీత ఫైలు దగ్గర అందరూ ఇరుక్కుంటారు. క్యాట్ (ఫైల్లో ఉన్నది చూపించే కమాండ్) అని గీత పెట్టి ఎంటర్ కొడితే ఏమీ రాదు, కర్సర్ మాత్రం కిందకు దిగి కూర్చుంటుంది. హ్యాంగ్ అయిందనుకుని మెషిన్ ఆపేస్తారు. అది హ్యాంగ్ కాదు, ఒట్టి గీత అంటే "కీబోర్డు నుంచి చదువు" అని క్యాట్‌కు అర్థం, అది మీరు టైప్ చేస్తారని ఎదురుచూస్తోంది. కంట్రోల్ సీ కొట్టి బయటికొచ్చి, గీత ముందు చుక్క, స్లాష్ పెట్టి (./-) ఫైలు పేరుగా ఇవ్వాలి. ఇంకో రెండు గోలలు కూడా ఉంటాయి. పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్కలు కూడా పడవు, కీబోర్డు చెడిందంటారు. మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు అడిగేదానికి ఒట్టి y కాదు, yes అని మూడక్షరాలూ కొట్టాలి.

మీ వైపు జాగ్రత్తలు ఇంకా ముఖ్యం. 14 జట్లూ ఒకే లెవెల్1 ఖాతాలోకి వస్తాయి. ఫైలు ఆ యూజర్ సొంతమైతే ఎవడో ఒకడు దాన్ని చెరిపేస్తాడు, మిగతా 13 జట్లూ లేని ఫైలు కోసం వెతుకుతూ ఉంటాయి. ఫైలూ, అది ఉన్న ఫోల్డరూ రూట్ (అన్ని హక్కులూ ఉన్న ఖాతా) పేరున ఉండాలి, పిల్లలకు చదివే హక్కు మాత్రమే. ఫోల్డర్ మరిచిపోకండి, చెరిపే హక్కు ఫైలుది కాదు, ఫోల్డర్‌ది. రెండోది, ఉబుంటు 21.04కు ముందు వెర్షన్లలో ఒకరి హోమ్ (సొంత) ఫోల్డర్ మరొకరికి కనిపిస్తుంది. లెవెల్1లో కూర్చుని లెవెల్8 ఫైలు చదివేస్తారు. ప్రతి హోమ్‌కూ 750 అనుమతి (యజమానికి, గ్రూపుకు తప్ప బయటివాళ్లకు తెరుచుకోదు) పెట్టి గ్రూపులు వేరు చేయండి. మూడోది, ముందు జట్టు కొట్టిన కమాండ్లు హిస్టరీ ఫైల్లో మిగిలిపోతాయి. పై బాణం నొక్కితే జవాబు వచ్చేస్తుంది, అది ఆపేయండి. అది కనిపెట్టిన జట్టుకు మాత్రం బోనస్ ఇవ్వండి, నిజమైన హ్యాకింగ్ అదే కదా!

టర్మ్ చివరి పోటీకి సీటీఎఫ్‌డీ, అంటే ప్రశ్నలు, స్కోర్‌బోర్డు నడిపే సాఫ్ట్‌వేర్. ఓపెన్ సోర్స్, డాకర్‌తో (ప్రోగ్రామ్‌ను కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే టూల్) అదే ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది, పోర్టు 8000. దాని ఇమేజ్ (సిద్ధంగా కట్టిన ప్యాకేజీ) ముందే నెట్ ఉన్నచోట దించుకోండి. ల్యాబ్ స్విచ్‌కు కేబుల్‌తో కలిపి ల్యాప్‌టాప్‌కు మారని ఐపీ ఇవ్వండి, ఉదాహరణకు 192.168.1.50. వైఫైతో చేయాలనుకుంటే రౌటర్లో క్లయింట్ ఐసొలేషన్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే అందరికీ నెట్ వస్తుంది కానీ ఒక మెషిన్ ఇంకోదానికి కనిపించదు, తప్పంతా సీటీఎఫ్‌డీ మీదకు తోసేస్తారు. మొదటి సెటప్‌లోనే యూజర్ మోడా, టీమ్ మోడా అని అడుగుతుంది, టీమ్ ఎంచుకోండి, తర్వాత మార్చడం తలనొప్పి. కంపోజ్ ఫైలుతో (డాకర్ సెట్టింగులు రాసి ఉన్న ఫైలు) నడపండి, డేటా ఫోల్డర్‌లో నిలిచి ఉంటుంది. ఒట్టి కంటైనర్ నడిపి దాన్ని తీసేస్తే స్కోర్లన్నీ దానితోపాటే. ల్యాప్‌టాప్ మూత వేస్తే నిద్రపోయే సెట్టింగ్ తీసేయండి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నిలబడుతుంది కానీ స్విచ్ ఆరిపోతుంది, దాన్ని యూపీఎస్‌కు పెట్టండి.

తప్పు ఫ్లాగులు నిమిషానికి పది దాటితే సీటీఎఫ్‌డీ కాసేపు ఆపుతుంది. అది మామూలే, కంగారు పడొద్దు.

---

అక్షరాల_పిచ్చి

చిన్న చేర్పులు.

ఫోటోలో ఫ్లాగ్ దాచే ప్రశ్న ఇంట్లోనే తయారవుతుంది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో కాపీ కమాండ్‌కు స్లాష్ బీ ఇచ్చి ఫోటోనూ టెక్స్ట్ ఫైలునూ ప్లస్ గుర్తుతో అతికించండి. జేపీజీ ఫైలుకు ఇక్కడితో సరి అని చెప్పే రెండు బైట్ల గుర్తు ఉంటుంది, హెక్సాలో ఎఫ్‌ఎఫ్ డీ9. దాని తర్వాత ఏమున్నా ఫోటో చూపించే ప్రోగ్రామ్ పట్టించుకోదు, బొమ్మ మామూలుగానే కనిపిస్తుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి కంట్రోల్ ఎండ్ నొక్కితే చిట్టచివర ఫ్లాగ్. ఆ ఫైలును వాట్సాప్ గ్రూపులో ఫోటోగా పంపారో, అంతే సంగతులు. వాట్సాప్ దాన్ని మళ్లీ కుదించి కొత్త ఫైలు చేస్తుంది, తోకా పోతుంది, ఫోటో తీసిన చోటు, సమయం వంటి వివరాలూ పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్.

ఇంకోటి మన పిల్లలకే ప్రత్యేకం. తెలుగు పదాన్ని బేస్64లోకి (బైట్లను ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలుగా రాసే పద్ధతి) మార్చి ఇవ్వండి. యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) ప్రతి తెలుగు గుర్తుకూ సరిగ్గా మూడు బైట్లు, బేస్64 మూడు బైట్లను నాలుగు అక్షరాలు చేస్తుంది. కాబట్టి ఒక్కో తెలుగు గుర్తుకు నాలుగేసి అక్షరాలు, పుల్లలు పేర్చినట్టు. 'తెలుగు'లో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, ఆరు గుర్తులు, 24 అక్షరాలు. ప్రతి నాలుగింటిలో మొదటి రెండూ ఎప్పుడూ 4, ఎల్. మూడోది అచ్చులకు, హల్లులకు, దీర్ఘానికి, గుడికి సీ. గుడిదీర్ఘం నుంచి పొల్లు దాకా జీ. రెండు మూడు పదాలిచ్చి "వీటిలో ఏం పోలిక కనిపిస్తోంది?" అంటే పిల్లలే పట్టేస్తారు. ఒకే పదం ఇవ్వండి. మధ్యలో ఖాళీ పెడితే అది ఒక్క బైటే కాబట్టి అక్కడి నుంచి వరుస పక్కకు జరిగి, పోలిక మాయమైపోతుంది. అది రెండో ప్రశ్నగా పనికొస్తుంది.

---

కంప్యూటర్_టీచర్ (గుంటూరు జిల్లా)

ఎంతో ఉపకారం. ఆ లెక్కన ఫ్లాగులే తెలుగులో పెట్టవచ్చా? ఇంకో ప్రశ్న: జవాబులు జట్ల మధ్య చేతులు మారకుండా, చాట్‌బాట్‌ను అడిగేయకుండా ఎలా? తల్లిదండ్రుల సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

---

అక్షరాల_పిచ్చి

ఫ్లాగ్ తెలుగులో వద్దండీ. 'ఫ్లాగ్' అని ఒకరు కొడితే చివర పొల్లు తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ చేరుతుంది, ఇంకొకరు కొడితే చేరదు. తెర మీద రెండూ ఒకటే, కంప్యూటర్‌కు వేర్వేరు. సరైన జవాబుకు తప్పని వస్తే పిల్లలు ఏడుస్తారు. ప్రశ్న తెలుగులో, ఫ్లాగ్ చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో. సున్నా, ఓ, ఒకటి, ఎల్ కలిసిపోయే పదాలు కూడా మానండి.

---

చట్టం_తెలిసినవాడు

తల్లిదండ్రులకు ఇచ్చే కాగితంలో ఏముండాలంటే: పిల్లలు ముట్టుకునే సైట్లు, మెషిన్ల పేర్లు వరుసగా, అవి తప్ప ఇంకేవీ కాదన్న మాట, ఉల్లంఘిస్తే జట్టు పోటీ నుంచి అవుట్ అన్న షరతు, సంతకం. తెలుగులో, ఒక్క పేజీ. హెడ్మాస్టరు సంతకం, ముద్ర కూడా వేయించుకోండి, రేపు ఎవరైనా అడిగితే అనుమతి రాతపూర్వకంగా ఉంటుంది.

పిల్లలకు మాత్రం చట్టాన్ని నేరుగా చెప్పండి. ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 43 ప్రకారం యజమాని అనుమతి లేకుండా ఒక కంప్యూటర్లోకి ప్రవేశించడమే తప్పు, ఏదీ పాడుచేయకపోయినా. దాన్నే దురుద్దేశంతోనో మోసపూరితంగానో చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. 18 నిండనివాళ్ల కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్తుంది, అంటే వదిలేస్తారని కాదు.

ఇది గాల్లో చెప్తే చెవికెక్కదు. పరీక్ష ఫలితాల పేజీ ఉదాహరణ తీసుకోండి. అడ్రస్‌లో హాల్ టికెట్ నంబరు కనిపిస్తే, పక్కవాడి నంబరు పెట్టి చూద్దామన్నది ఏ పిల్లాడికైనా మొదట తోచే ఆలోచన. అదే తప్పు మీ ల్యాబ్‌లో కట్టిన డమ్మీ పేజీలో ఉంటే అది ప్రశ్న, పాయింట్లు వస్తాయి. బయటి సైటులో చేస్తే చట్టం దృష్టిలో తప్పు. అనుకోకుండా బయట లోపం కంటపడితే ఇంకో నంబరు కూడా నొక్కకుండా ఆగి, స్క్రీన్‌షాట్‌తో మీకు చెప్పాలి. మీరు ఆ సంస్థకో, మన దేశపు సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కో రాయవచ్చు.

---

కోచ్_డాలస్

ఇక్కడ మన తెలుగు పిల్లలు చాలామంది సైబర్‌పేట్రియట్ అనే అమెరికా బడిపిల్లల పోటీ ఆడతారు. అది దాడి కాదు, కాపలా. ఇద్దరి నుంచి ఆరుగురి దాకా జట్టు, లోపాలతో నింపిన వర్చువల్ మెషిన్ ఇస్తారు, వాటిని సరిచేస్తే పాయింట్లు, పనిచేయాల్సిన సర్వీసును పొరపాటున ఆపేస్తే కోత. మీ ల్యాబ్‌కు దాన్ని యథాతథంగా తేవడం కుదరదు కానీ ఆలోచన తెచ్చుకోవచ్చు. ఒక పాత విండోస్ మెషిన్లో పది తప్పులు పెట్టండి: పాస్‌వర్డ్ లేని అడ్మిన్ ఖాతా, వాడని గెస్ట్ ఖాతా, ఆపేసిన ఫైర్‌వాల్, ఆగిపోయిన అప్‌డేట్లు, అందరికీ తెరిచి ఉంచిన షేర్డ్ ఫోల్డర్, ఇలా. జట్టుకు 20 నిమిషాలు. "హ్యాకింగ్ నేర్పుతున్నారటగా" అన్న తల్లిదండ్రులను ఆ రోజే పిలవండి.

---

పాతకాపు_సీటీఎఫ్

జవాబులు చేతులు మారడాన్ని పూర్తిగా ఆపలేరు. ఫ్లాగ్‌కు సగం పాయింట్లు, ఎలా పట్టుకున్నారో నాలుగు వాక్యాల్లో తెలుగులో రాసిన నోట్స్‌కు సగం. పోటీ అయ్యాక ప్రతి జట్టులో ఒకరిని మీరే ఎంచి, వాళ్లు చేసిన ఒక ప్రశ్నను మెషిన్ మీద మళ్లీ చేయమనండి, రెండు నిమిషాలు. చాట్‌బాట్ చెప్పింది అతికించినవాడు ఏ మెనూ నొక్కాలో తెలియక అక్కడే దొరికిపోతాడు. బడి పోటీకి ఎటూ నెట్ ఆపేసి ల్యాన్ (ల్యాబ్ లోపలి నెట్‌వర్క్) మీదే నడుపుతారు కాబట్టి ఆ బెడద సగం తగ్గినట్టే, ఫోన్లు మాత్రం గుమ్మం దగ్గర పెట్టించండి.

మూడు గంటల పోటీకి 16 నుంచి 20 ప్రశ్నలు సరిపోతాయి. అందులో ఐదు ఏ టూలూ అక్కర్లేనివి కావాలి, మొదటి పది నిమిషాల్లో 14 జట్ల పేర్లూ బోర్డు మీద కనిపించాలి. ఏ ప్రశ్ననైనా దాన్ని తయారుచేయని ఇంకొకరితో ఒకసారి చేయించి చూడండి. పెద్దవాళ్లకు ఐదు నిమిషాలు పడితే పిల్లలకు ఇరవై వేసుకోండి. గంట గడిచినా ఎవరూ తీయని ప్రశ్నకు సూచన అందరికీ ఒకేసారి గట్టిగా చదివి చెప్పండి, ఒక జట్టు చెవిలో కాదు.

పై తరగతులకు ముందుకెళ్లే ఆసక్తి ఉంటే అమృత విశ్వవిద్యాపీఠంలోని బయోస్ జట్టు మన దేశపు బడిపిల్లలకు ఇన్‌సీటీఎఫ్ జూనియర్ నడుపుతుంది. ఈ ఏటి తేదీలు వాళ్ల సైటులో చూసుకోండి. ముందు మాత్రం ఆ 13 నిండనివాళ్ల లిస్టు తీయండి టీచర్‌గారూ, ఖాతాల పని అక్కడే ఆగుతుంది.